గాజుతొట్టిలో కట్టలేరు

శివపార్వతి విజయవాడలో బీయస్సీ మొదటి ఏడాది చదువుతుండగా జై ఆంధ్ర ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. వాళ్ళ నాన్న హాస్టలుకు వచ్చి, పెట్టె సర్దించి, ఆమెను వినగడప తీసుకుపోయాడు. కాలేజీలు మళ్ళీ తెరిచేసరికి ఆమెకు తిరువూరు సంబంధం కుదిరిపోయింది. "పరీక్షలైనా రాయనివ్వు నాన్నా" అని అడిగింది. "రాసి ఏం చేస్తావమ్మా, వాళ్ళు మంచివాళ్ళు, ఆలస్యం చేస్తే బాగుండదు" అన్నాడాయన. ఆ మాటతో చదువు అయిపోయింది.

భర్త వెంకటప్పయ్యకు మెట్ట పొలం, మామిడి తోట ఉన్నాయి. వాటిని పాలేళ్ళకు వదిలేసి రోడ్ల కాంట్రాక్టులు చేస్తుండేవాడు. పొద్దున జీపెక్కితే చీకటి పడ్డాక దిగేవాడు. తాగేవాడు కాదు, పెళ్ళాం మీద చెయ్యి చేసుకునేవాడు కాదు. ఇంటికి కావలసినవి అడక్కుండానే తెచ్చి పడేసేవాడు. ఇంట్లో ఏది బాగున్నా అది తన గొప్పేనని మాత్రం నమ్మేవాడు. పాలిచ్చే గేదె, నీరూరే బావి, అత్తగారికి ఎదురు చెప్పని కోడలు, అన్నీ ఆయన లెక్కలోవే.

పాప పుట్టి నడక నేర్చాక శివపార్వతికి మధ్యాహ్నాలు ఖాళీ అయ్యాయి. కాలేజీ ప్రయోగశాలలో కిటికీ పక్కన ఒక గాజుతొట్టి ఉండేది. ఇసుకలో నాటిన నీటి మొక్కలు, వాటి మధ్య తిరిగే చిన్న చేపలు. మొక్కలు సరిగ్గా పెరిగితే చేపలకు గాలి అవే ఇస్తాయని, చేపల మలం మొక్కలకు ఎరువవుతుందని లెక్చరరు చెప్పింది. తక్కిన పాఠాలు మరిచిపోయినా ఆ తొట్టి శివపార్వతి కళ్ళ ముందు నుంచి పోలేదు. అలాంటిది ఇంట్లో పెట్టుకుంటానని ఒకరోజు భోజనాల దగ్గర భర్తతో అంది. "పెట్టుకో, ఎవరొద్దన్నారు" అన్నాడు వెంకటప్పయ్య, మజ్జిగ పోసుకుంటూ.

బస్టాండు దగ్గర ఫోటోలకు ఫ్రేములు కట్టే సలావుద్దీన్‌ను పిలిపించింది. కిటికీలకు అద్దాలు కూడా అతనే బిగించేవాడు. కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే చాలాసేపు చూశాడు.

"నీళ్ళు పోస్తారా అమ్మగారూ దీంట్లో?"

"అంచుల దాకా పోస్తాం."

"కిటికీ అద్దం నీళ్ళ బరువు మొయ్యదు. మందం అద్దం బెజవాడ నుంచి తెప్పించాలి. నేనెప్పుడూ ఇలాంటిది చెయ్యలేదు, ముందే చెబుతున్నా."

"నేనూ చెయ్యలేదు సలావుద్దీన్ గారూ. ఇద్దరం కలిసి చేద్దాం."

ఇనుప చట్రం వెల్డింగు చేయించి, అద్దాలు అమర్చి, సందులన్నీ లప్పంతో పూడ్చాడు. మొదటిసారి నీళ్ళు పోసినప్పుడు ఒక మూల నుంచి కారి అరుగంతా తడిసింది. సలావుద్దీన్ అద్దాలన్నీ ఊడదీసి, పాత లప్పం గీకేసి, మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోసారి చుక్క కారలేదు. లప్పంలో ఉన్న నూనె వాసన చేపలకు మంచిది కాదని శివపార్వతి రోజూ నీళ్ళు నింపి మర్నాడు తీసేసేది. ఆ వాసన పూర్తిగా పోయేదాకా అలా చేస్తూనే ఉంది.

అప్పుడు అత్తగారు సీతారావమ్మ నోరు విప్పింది. తిరువూరు మెట్ట ప్రాంతం. వేసవి వస్తే బావిలో నీళ్ళు అడుగంటేవి. "జనం బిందెలు పట్టుకుని బావుల చుట్టూ తిరుగుతుంటే నువ్వు పోసి పారబోస్తున్నావు. కూర వండుకోని చేపలకు ఇంత సేవ దేనికే అమ్మాయ్" అంది.

"పారబోయడం లేదత్తయ్యా, కరివేపాకు చెట్టుకు పోస్తున్నా" అంది శివపార్వతి. అది నిజమే. ఆ ఏడు ఆ చెట్టు గుబురుగా చిగిర్చింది.

ఇసుక కోసం శివపార్వతి పుట్టింటికి వెళ్ళింది. వినగడప పక్కనే కట్టలేరు. వానాకాలం పొంగి దారులు మూసేసే ఆ ఏరు, తక్కిన రోజుల్లో మడుగులు మడుగులుగా నిలిచి ఉంటుంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని ఆమె మోకాళ్ళ లోతు దిగింది. ముతక ఇసుక రెండు గోతాలకు ఎత్తించింది. మడుగు అడుగున రిబ్బన్లలా పొడుగ్గా ఊగే నాచును వేళ్ళతో సహా ఊడదీసి తడిగోనెలో చుట్టింది. చేపలకు కూడా ఆ మడుగే చాలింది, ఊళ్ళో పట్టేవాళ్ళు వద్దని వదిలేసే చిన్నవే ఆమెకు కావాలి. తోక దగ్గర నల్లచుక్క ఉన్న పరిగెలను పాత పంచెతో వడకట్టి పాలక్యానులో వేసుకుంది. బస్సులో తిరువూరు దాకా ఆ క్యాను ఒళ్ళోనే పెట్టుకుంది. కండక్టరు పాలనుకున్నాడు.

నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇసుకను కడిగింది. తొట్టి అడుగున పలచగా చెరువు బంకమట్టి పరిచి, దాని మీద ఇసుక పోసి, వెనక ఎత్తుగా ముందుకు పల్లంగా సర్దింది. మొక్కలు నాటాక ఇసుక చెదరకుండా అరిటాకు పరిచి దాని మీద మెల్లగా నీళ్ళు వంచింది. వేళ్ళు పట్టేదాకా చేపలను విడిగా గోలెంలో ఉంచింది.

అంత చేసినా మొదట్లో అంతా పాడైంది. నాచు ఆకులు కుళ్ళి నీళ్ళలో కరిగిపోయాయి. తొట్టిని తూర్పు కిటికీ దగ్గర పెట్టినందుకు ఎండ తగిలి నీళ్ళు పచ్చగా పప్పుచారులా మారాయి. పెట్టిన అన్నం మెతుకులు అడుగున చేరి కంపు కొట్టాయి. కొన్ని చేపలు చచ్చాయి. శివపార్వతి తొట్టిని హాలులో ఎండ తగలని గోడ దగ్గరకు మార్పించి, పైన రేకు డిప్పలో బల్బు పెట్టించింది. మెతుకులు మాని, పెరట్లో కుండలో నిలిచిన వాన నీళ్ళలో పుట్టే దోమపిల్లలను వడకట్టి వేసింది. రబ్బరు గొట్టంతో అడుగు మురికిని మాత్రం లాగేసి, కాసిని నీళ్ళు తీసి కాసిని పోసేది. మొత్తం నీళ్ళు ఎన్నడూ మార్చలేదు. చచ్చాయనుకున్న నాచు మొదళ్ళ నుంచి కొత్త ఆకులు లేచాయి. ఇసుకలో తీగలు పాకి పక్కన పిలకలు వేశాయి.

ఒక ఏడాది తిరిగేసరికి ఆ తొట్టి చూడ్డానికి వీధిలో వాళ్ళు వచ్చేవాళ్ళు. వెనకవైపు దట్టంగా ఆకుపచ్చని తెర, ముందు తెల్లటి ఇసుక, మధ్యలో వెండి తునకల్లా పరిగెలు. బల్బు వేసిన కాసేపటికి ఆకుల మీద సన్నటి గాలిబుడగలు పుట్టి పైకి లేచేవి. పాప అద్దానికి ముక్కు ఆనించి నిలబడేది. నీళ్ళు దండగ అన్న సీతారావమ్మే మధ్యాహ్నం భోజనం కాగానే చాప తెచ్చుకుని తొట్టి ఎదురుగా పడుకోవడం అలవాటు చేసుకుంది. "ఆ చిన్నది నిన్నటి నుంచి మూలనే ఉందమ్మాయ్, ఏమైందో చూడు" అని కోడల్ని పిలిచేది.

ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పే ప్రమీలారాణి కూడా అలా చూడ్డానికే వచ్చింది. తొట్టి ముందు కుర్చీ వేసుకుని శివపార్వతిని రకరకాల ప్రశ్నలు వేసింది. వెళ్ళేటప్పుడు అంది: "మా స్కూల్లో ఇలాంటిది పెట్టి పిల్లలకు చూపిస్తూ చెప్పండి శివపార్వతి గారూ. హెడ్మిస్ట్రెస్‌తో నేను మాట్లాడతాను. వారానికి ఒకపూట వస్తే చాలు."

శివపార్వతి ఆ సాయంత్రం భర్త రాగానే చెప్పింది. ఆమె గొంతులో ఉత్సాహం వెంకటప్పయ్య గమనించలేదు. "కాంట్రాక్టరు పెళ్ళాం స్కూలుకు పోయి చేపల గురించి చెప్పిందంటే ఏం బాగుంటుంది? చూద్దాంలే తర్వాత" అన్నాడు. ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు.

వెంకటప్పయ్య పనులను తనిఖీ చేసే పెద్ద ఇంజనీరు ఒకసారి ఇంటికి భోజనానికి వచ్చాడు. హాల్లో అడుగుపెట్టి తొట్టి ముందు ఆగిపోయాడు. అన్నం తింటున్నంతసేపూ దాని గురించే మాట్లాడాడు. విజయవాడలో కొత్తగా కట్టుకున్న ఇంటికి గృహప్రవేశం పెట్టుకున్నానని, హాలు బోసిగా ఉందని అన్నాడు. ఆయన జీపెక్కి వెళ్ళిపోయాక వెంకటప్పయ్య కాసేపు తొట్టి చుట్టూ తిరిగాడు.

"గృహప్రవేశానికి ఇది ఇచ్చేద్దాం పార్వతీ" అన్నాడు.

శివపార్వతి ఎంగిలి విస్తళ్ళు తీస్తోంది. సరిగ్గా వినలేదేమో అనుకుంది. "ఏది?"

"ఈ తొట్టే. ఆయనకు వెండి సామాన్లు తెచ్చేవాళ్ళు బోలెడుమంది. ఇది ఎవరూ ఇవ్వలేరు."

"ఇది నేను పెట్టుకున్నదండీ."

"నువ్వు పెట్టుకున్నావు కాబట్టే మళ్ళీ పెట్టుకోగలవు. సలావుద్దీన్‌కి చెబుతా, ఇంకా పెద్దది చేస్తాడు. నీకు ఇసుకకీ నాచుకీ కరువా?"

అమ్మ కూడా వింటోందని చూసి వెంకటప్పయ్య ఆమె వైపు తిరిగాడు. "ఏమంటావమ్మా?"

సీతారావమ్మ చాప మీద నుంచి లేవకుండానే, "అడగాల్సింది నన్నా?" అంది. కొడుకు విననట్టే బయటికి వెళ్ళిపోయాడు.

శివపార్వతి ఏడవలేదు, అలగలేదు. ఇవ్వడం ఎలాగూ తప్పదని తెలిశాక, తానే వెంట వచ్చి అక్కడ అమర్చి వస్తానని మాత్రం పట్టుబట్టింది. మొక్కలను ఒక్కొక్కటే వేళ్ళు తెగకుండా తీసి తడిగుడ్డల్లో చుట్టింది. చేపలను క్యాన్లలోకి మార్చింది. పాత నీళ్ళు సగం విడిగా పట్టుకుంది. జీపులో వెనక కూర్చుని, గతుకు వచ్చినప్పుడల్లా తొట్టిని రెండు చేతులా పట్టుకుంది.

ఇంజనీరు గారింట్లో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నేల మీద కూర్చుని తొట్టి అమర్చింది. నీళ్ళు తేటపడి, చేపలు మొక్కల్లోకి సర్దుకున్నాక చేతులు కడుక్కుని వచ్చేసరికి హాలు నిండా చుట్టాలు. ఇంజనీరు భార్య సరోజినీదేవి వెంకటప్పయ్యతో మాట్లాడుతోంది.

"ఎంత ఓపికండీ మీకు. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారు?"

శివపార్వతి స్తంభం పక్కన నిలబడి భర్త నోటి వంక చూసింది.

"చిన్నప్పటి నుంచీ పిచ్చండీ. పనుల్లో తీరిక దొరికినప్పుడల్లా ఇదే" అన్నాడు వెంకటప్పయ్య నవ్వుతూ. "మా ఆవిడ కూడా సాయం చేస్తుంటుంది."

"మరి మేం దీన్ని ఎలా చూసుకోవాలి?"

"ఏముందండీ, వారానికోసారి నీళ్ళు మార్చేయడమే. ఇంత తిండి వేయడమే."

నీళ్ళు మొత్తం మార్చకూడదని, విజయవాడ కుళాయి నీళ్ళలో బ్లీచింగు వాసన ఉంటుందని, ఒకరోజు పట్టి ఉంచకుండా పోస్తే చేపలు చస్తాయని శివపార్వతికి తెలుసు. అవన్నీ చెప్పడానికే ఆమె వెంట వచ్చింది. నోరు తెరిచింది కూడా. వెంకటప్పయ్య ఆమె వైపు ఒక్కసారి చూశాడు. బెదిరింపు చూపు కాదు అది. పరువు కాపాడమని అడిగినట్టు ఉంది. ఆమె నోరు మూసుకుంది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆయన హుషారుగా మాట్లాడాడు. ఆమె ఖాళీ క్యాన్లు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వంకే చూస్తోందని ఆయన గమనించలేదు.

నెల తిరక్కుండానే కబురు వచ్చింది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయని, రెండు మూడు చచ్చాయని ఇంజనీరు చెప్పాడట. వెంకటప్పయ్య అన్నం తింటూ మామూలుగా అడిగాడు.

"ఏం చెయ్యమంటావు వాళ్ళని?"

"నాకేం తెలుసండీ" అంది శివపార్వతి.

ఆయన చెయ్యి ఆగింది. "నీకు తెలియకపోవడమేంటి?"

"చిన్నప్పటి నుంచీ పిచ్చి ఉన్నవారు మీరు. నేను సాయం చేసేదాన్ని."

వెంకటప్పయ్య మొహం ఎర్రబడింది. "ఏదో మాటవరసకి అన్నానే. ఆయనకు నచ్చితే మన పనులు నడుస్తాయని. ఇంటి మొగాడి పరువు పోతే నీకు ఏం వస్తుంది?"

"కూర వేసుకోండి" అంది ఆమె.

ఆ తర్వాత ఆయన బతిమాలాడు, కసిరాడు, పలకడం మానేశాడు. ఆమె మాట ఒక్కటే: నాకేం తెలుసండీ. ఆయన విజయవాడలో ఎర్రచేపలు కొని ఇంజనీరు గారింటికి పంపాడు. అవి నాచును వేళ్ళతో పెకలించి పారేసి, తర్వాత అవీ చచ్చాయి.

సరోజినీదేవి కూతురి ఓణీల వేడుకకు పిలుపు వస్తే ఇద్దరూ వెళ్ళారు. శివపార్వతి తొట్టిని మళ్ళీ అప్పుడు చూసింది. అందరికీ కనపడాలని దాన్ని పెద్ద కిటికీ పక్కకు మార్చారు. ఎండ నేరుగా పడుతోంది. నీళ్ళు పసిరి రంగులో ఉన్నాయి. నాచు లేదు, దాని చోట ప్లాస్టిక్ మొక్కలు గుచ్చారు. అద్దం లోపల జిడ్డు. ఇసుక మీద బిస్కట్టు ముక్కలు బూజు పట్టి ఉన్నాయి. నీటి అంచున ఒక్క పరిగె, నల్లచుక్కది, పక్కకు ఒరిగి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

సరోజినీదేవి పక్కకు వచ్చి నిలబడింది. ఆమె నిజంగానే బాధపడుతోంది. "చూడండి ఎలా అయిపోయిందో. వారం వారం నీళ్ళు మార్పిస్తూనే ఉన్నాం, తొట్టంతా కడిగిస్తున్నాం. మీకు ఏమైనా తెలుసా అమ్మా, ఏం చేస్తే ఇదైనా బతుకుతుంది?"

కిటికీ దగ్గర నుంచి జరపమని, నీళ్ళు నిలవబెట్టి పోయమని చెబితే సరిపోయేది. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. శివపార్వతి చేప వైపే చూస్తూ నిలబడింది. హాలు అవతల భర్త ఎవరితోనో నవ్వుతున్నాడు. ఆ నవ్వు వినబడింది.

"నాకు తెలియదండీ. ఆయన్ని అడగండి" అంది.

భోజనాల దగ్గర విస్తట్లో వడ్డించినవి కలిపి వదిలేసి లేచింది. చెయ్యి కడుక్కుని, మెట్లు దిగి, భర్త కంటే ముందే వెళ్ళి జీపులో కూర్చుంది.

ఆ సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కానీ సీతారావమ్మ పట్టుకుంది. హాల్లో ఖాళీ అయిన గోడ ముందు చాప వేసుకోవడం ఆవిడ ఇంకా మానలేదు. "మన చేపలు ఎలా ఉన్నాయమ్మాయ్ అక్కడ?" అని అడిగింది.

"ఒకటే మిగిలింది. అదీ బతకదు."

"ఏం చెయ్యాలో చెప్పొచ్చావా?"

శివపార్వతి మొహం తిప్పుకుంది. ముసలావిడకు అర్థమైంది.

"అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నువ్వు మొగుడి మీద కోపం నోరులేని దాని మీద తీర్చుకున్నావు. వాడికి ఇంకో ఇంజనీరు వస్తాడు. పోయినవి ఎవరి చేపలే?"

శివపార్వతి లేచి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి ముందు కూర్చుంది. అప్పుడు ఏడ్చింది.

సీతారావమ్మ అన్నట్టే అయింది. ఆ ఇంజనీరు మరుసటి ఏడాది బదిలీ అయ్యి వెళ్ళిపోయాడు. కొత్తాయనకు మామిడిపళ్ళంటే ఇష్టం. వెంకటప్పయ్య పనులు ఎప్పటిలాగే నడిచాయి. తొట్టి సంగతి ఆయన మరిచిపోయాడు. భార్య తనతో తక్కువ మాట్లాడుతోందని గాని, ఎప్పటి నుంచి అలా ఉందో గాని ఆయనకు తట్టలేదు. ఊరికే ఉండక ఒకసారి సలావుద్దీన్‌తో అన్నాడు, ఇంకో తొట్టి చేసి ఇవ్వమని. సలావుద్దీన్ కొలతలు అడగడానికి ఇంటికి వచ్చాడు.

"వద్దు సలావుద్దీన్ గారూ" అంది శివపార్వతి.

"ఈసారి బాగా చేస్తానమ్మా. చెయ్యి తిరిగింది ఇప్పుడు."

"మీ పనికి వంక లేదు. నాకే ఓపిక లేదు."

అతను చేతిలోని కొలబద్ద మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ప్రమీలారాణి మాత్రం మరిచిపోలేదు. కొత్త హెడ్మిస్ట్రెస్ ఒప్పుకుందని, స్కూల్లో ఒక గది ఇస్తారని చెప్పడానికి ఎండలో నడిచి వచ్చింది. ఆ సమయానికి వెంకటప్పయ్య ఇంట్లోనే ఉన్నాడు. ఏం తోచిందో, "వెళ్ళరాదూ, పిల్లలకు మంచిదే కదా" అన్నాడు. కొన్నేళ్ళ కిందట ఆ మాట కోసమే ఆమె గుమ్మం దగ్గర ఎదురుచూసింది. ఇప్పుడు ఆ మాట ఆమె చెవిని తాకి పక్కకు పోయింది.

"నాకు రాదండీ టీచర్ గారూ" అంది.

"అదేంటి శివపార్వతి గారూ, నేను నా కళ్ళతో చూశాను కదా. ఆ మొక్కలు, ఆ చేపలు..."

"అవి ఆయన పెట్టినవి. నేను సాయం చేశానంతే."

ప్రమీలారాణి అయోమయంగా వెంకటప్పయ్య వైపు చూసింది. వెంకటప్పయ్య తల దించుకున్నాడు. కాదని ఒక్క మాట అనే అవకాశం ఆయనకు అప్పుడు ఉంది. టీచరు చాలాసేపు ఆగింది కూడా. ఆయన పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

టీచరు వెళ్ళిపోయాక శివపార్వతి గిన్నెలు ముందు వేసుకుని కూర్చుంది. భర్తను ఓడించానన్న సంతోషం కోసం మనసులో వెతుక్కుంది గాని దొరకలేదు. తర్వాత కొన్నాళ్ళకు పాప స్కూలు నుంచి వచ్చి, నీళ్ళలో మొక్కలు గాలి ఎలా పీలుస్తాయని అడిగింది. శివపార్వతి చెప్పబోయి ఆగింది. "మీ టీచర్ని అడుగు" అంది. తిరువూరులో ఆమెకు తెలిసినంత బాగా ఆ సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఆమె మళ్ళీ ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. వినగడప వెళ్ళినప్పుడు కూడా ఏటి వైపు పోకుండా ఊళ్ళో నుంచే ఇంటికి నడిచేది.